వీరభద్రయ్య వంతు

వీరభద్రయ్యకు నత్తి. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మార్కాపురంలో ఎవరిని అడిగినా ఆయన గురించి మొదట చెప్పేది అదే. బోరు మోటార్ల దుకాణం ఉమామహేశ్వర్లు తమ్ముడు కదా, ఆ నత్తాయన కదా, అంటారు. పోనీ తర్వాతైనా ఇంకేమైనా చెబుతారా అంటే, చెప్పరు. ముప్పై ఆరేళ్ళ మనిషి, తాత పేరు పెట్టుకున్నవాడు, ఒకరి జోలికి పోనివాడు, నవ్వితే ముఖమంతా నవ్వేవాడు. ఇన్ని ఉండగా ఊరికి కనిపించింది ఆ నాలుక ఒక్కటే. ఆయన ఎట్లా తడబడతాడో అక్షరాలు విరగ్గొట్టి రాస్తే చదివేవాళ్ళకు సరదాగా ఉంటుందని నాకూ తెలుసు. రాయను. ఆయన మాట్లాడిన ప్రతి మాటా ఇక్కడ నిండుగానే ఉంటుంది. దానికి పట్టిన సమయం మాత్రం మీరే కలుపుకోండి.

దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. కానీ గల్లా దగ్గర కూర్చునేది అన్న ఉమామహేశ్వర్లు, వెనక గోదాములో పైపుల మధ్య తిరిగేది తమ్ముడు. దొనకొండ వైపు నుంచి రైతు వచ్చి, బోరు లోతు చెప్పి, ఏ మోటరు పడుతుందని అడిగితే, వీరభద్రయ్య నోరు తెరిచేలోపు అన్న జవాబు చెప్పేస్తాడు. అన్న లేనప్పుడు ఆ రైతే అందుకుంటాడు. ఐదు హార్స్‌పవరా, ఏడున్నరా, పదా అని ఈయన పెదవుల వంక చూస్తూ వేలంపాట పాడినట్టు పాడతాడు. బ్యాంకులో అన్నే మాట్లాడతాడు, ఆస్పత్రిలో అన్నే మాట్లాడతాడు, చివరికి కటింగ్ షాపులో కూడా మా వానికి పక్కల తగ్గించు అని అన్నే చెబుతాడు. తమ్ముడి మీద ప్రేమ లేదా అంటే, అయ్యో, బోలెడు. వాళ్ళ నాయన పోయేటప్పుడు చిన్నోడిని చూసుకో అన్నాడట, ఆయన అప్పటి నుంచీ చూసుకుంటూనే ఉన్నాడు. పైగా వ్యాపారం చేసే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది, పెద్దోడి మాటే ఇంటి మాట. మంచి పద్ధతే, కాదనను. కానీ ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడనీ, వాడికీ ఒక మాట ఉంటుందనీ ఎవరికైనా తట్టాలా వద్దా? నోరున్నవాడిదే రాజ్యం అని ఊరికే అన్నారా.

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూస్తారు. అప్పుడు వీరభద్రయ్య కంభం రోడ్డులో యోబు సెల్‌ఫోన్ల దుకాణం మీద ఉన్న గదికి పోతాడు. యోబు అప్పటికి చర్చి నుంచి వచ్చి ఫ్యాను వేసి ఉంచుతాడు. ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే కరుణాకరం వస్తాడు. దోర్నాలలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే మహాలక్ష్మి బస్సు దిగి నేరుగా అక్కడికే వస్తుంది. నలుగురూ బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. పేకాట అనుకునేరు, కాదు. కరుణాకరం హైదరాబాదు హాస్టల్లో ఉన్నప్పుడు అంటించుకొచ్చిన జబ్బు అది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, ఎదురొచ్చిన కష్టానికి నేనిది చేస్తాను అని చెబుతారు. చేసింది పారిందా లేదా అన్నది రకరకాల ముఖాల పాచికలు తేలుస్తాయి. ఎట్లా తేల్చాలో చెప్పే రూళ్ళ పుస్తకం ఒకటుంటుంది, దాన్నే వాళ్ళు సిస్టం అంటారు. ఎవరి పాత్రకు ఎంత బలం మిగిలిందో పలకల మీద రాసుకుంటారు. పలకలు తయారుచేసే మార్కాపురంలో వాటికి కరువా.

ఆ ఆటలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వంతు వాళ్ళదే. ఒకరి వంతులో ఇంకొకరు నోరు పెట్టకూడదు. వీరభద్రయ్య ఆ మెట్లన్నీ ఎక్కేది దానికోసమే. ఆరు రోజులూ తన నోట్లోంచి మాట తీసుకుని ఎవరో ఒకరు మాట్లాడేస్తారు. ఏడో రోజు ఆ బల్ల దగ్గర, నేను తలుపు తోస్తాను అని చెప్పడానికి ఆయనకు ఎంతసేపు పట్టినా, ఆ తలుపు ఆయన తోసేదాకా మూసుకునే ఉంటుంది. ఇంతకంటే ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

అట్లాంటి చోట చిచ్చు పెట్టింది యానిమే. చిన్నప్పుడు టీవీలో తెలుగు మాటలతో వచ్చిన ఆ జపాను బొమ్మల కథలంటే నలుగురికీ ప్రాణం. ఈసారి అట్లాంటి కథే నడుపుతానని కరుణాకరం అన్నాడు. నల్లమల మీద గాలిలో తేలే కోట, దాన్ని పట్టుకోవడానికి బయలుదేరిన కుర్ర వీరులు, జుట్టు నిక్కబొడుచుకునే శత్రువులు. కథ తయారు, సిస్టమే కుదరాలి. ఇన్నాళ్ళూ ఆడిన లావు పుస్తకం పనికిరాదని తేలింది. అందులో గోడ దూకడానికే నాలుగు లెక్కలు, కొత్త వీరుడు ఇంటి కప్పు ఎక్కాలంటే ఏడాది ఆడాలి. రెండో పుస్తకంలో ఏ శక్తి కావాలన్నా పాయింట్లు పెట్టి కొనుక్కోవచ్చు, మహాలక్ష్మికి అది నచ్చింది. యోబు మాత్రం ఆ కూడికలు చూసి, నేను పదో తరగతి లెక్కలు రెండుసార్లు రాసినోణ్ణి, నన్నొదిలెయ్యండని దండం పెట్టాడు. మూడోది పల్చటి పుస్తకం. అందులో ప్రతి వీరుడికీ ఒక మహాస్త్రం ఉంటుంది. వాడేటప్పుడు ఆడేవాళ్ళు లేచి నిలబడి, ఒక్క ఊపిరిలో, దాని పేరు ఎలుగెత్తి అరవాలి. అరిస్తే అదనంగా ఒక పాచిక. అచ్చం యానిమేలో లాగే.

ముగ్గురూ ఎగిరి గంతేశారు. యోబు అప్పుడే లేచి ఏదో అరిచి చూపించాడు కూడా. ఆ తర్వాత ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ముగ్గురూ వీరభద్రయ్య వంక చూశారు, చూసినట్టు తెలియకూడదని మళ్ళీ పుస్తకం వంక చూశారు. యోబు చాలా మంచివాడు, ఆ మంచితనంతోనే కొంప ముంచాడు.

"ఏం కాదులే వీరభద్రన్నా. నువ్వు పాచికెయ్యి. నీ అస్త్రం పేరు నీ బదులు నేను అరుస్తా."

మిగతా ఇద్దరికీ గుండెల మీంచి బరువు దిగింది. సమస్య తీరిపోయిందనుకున్నారు. వచ్చే ఆదివారం మొదలుపెడదాం అనుకున్నారు. వీరభద్రయ్య చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ సాయంత్రం ఆయన నడక చూస్తే తెలిసేది. తిట్టినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు, వెక్కిరించినవాడి చెంప పగలగొట్టవచ్చు. నీ మంచి కోసమే అని నవ్వుతూ నోరు లాక్కునేవాణ్ణి ఏం చేయాలి? ఊరంతా చేసేదే వీళ్ళూ చేశారు, అదీ ప్రేమగా. ఇంట్లో వదిన రాజేశ్వరమ్మ అన్నం పెడుతూ, ఏంది మరిదీ అట్లున్నావని అడిగింది. ఆయన ముద్ద మింగేలోపు, పక్కన కూర్చున్న అన్న, గోదాములో సరుకు ఎక్కువైంది వానికి, అలసట అని చెప్పేశాడు. ఆ ముద్ద గొంతు దిగడానికి వీరభద్రయ్య రెండు గుక్కల నీళ్ళు తాగవలసి వచ్చింది.

మరుసటి ఆదివారానికి కరుణాకరం ఇంకో మంచి పని చేసి పెట్టాడు. ఆయన మేష్టారు కదా, వారమంతా ఆలోచించాడట. వీరభద్రన్న నొచ్చుకున్నట్టున్నాడు, మూడో పుస్తకం మానేసి, మహాలక్ష్మికి నచ్చిన లెక్కల పుస్తకమే ఆడదాం అన్నాడు. యోబు ముఖం వేలాడేశాడు గానీ, అన్న కోసం అంతమాత్రం చేయలేనా అన్నాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. మొన్న ఈయన మాట తీసేసుకున్నారు, ఇవాళ తమ సరదా త్యాగం చేసి ఆ బరువు కూడా ఈయన నెత్తినే పెడుతున్నారు. ఈయన్ని అడిగిన పాపాన మాత్రం ఒక్కరూ పోలేదు.

వీరభద్రయ్య బల్ల మీద చెయ్యి వేశాడు. కొట్టలేదు, ఊరికే వేశాడు.

"నా కోసం ఆట మార్చొద్దు. నా బదులు ఎవురూ అరవద్దు. ఆ ఒక్క ఊపిరి అనే ముక్క కొట్టేసి, నా వంతు వచ్చినప్పుడు గమ్మునుండండి. ఎంతసేపైతే అంతసేపు."

కరుణాకరం తల గోక్కున్నాడు. అది కాదన్నా, యుద్ధం నడుమ అంతసేపు ఆగితే కథలో ఊపు పోతుందేమో అని నసిగాడు. కథ నడిపేవాడికి అది నిజంగానే భయం, కాదనలేం. కానీ వీరభద్రయ్యకు ఆ రోజు ఎవరి భయాలూ పట్టలేదు.

"యానిమేలో వాళ్ళు ఒక్క దెబ్బ కొట్టేదానికి ఎంతసేపు తీసుకుంటారు సార్? గాల్లోకి ఎగిరి, చిన్నప్పటివన్నీ తలుచుకొని, ఏడ్చి, అప్పుడు గదా కొట్టేది. అందాకా శత్రువు ఆడనే నిలబడతాడు. వానికి ఉండే ఓపిక మీకు లేదా?"

మహాలక్ష్మి పకపకా నవ్వింది, తర్వాత నవ్వడం ఆపి నిజమే కదా అంది. కరుణాకరం పెన్ను తీసి ఆ ముక్క అడ్డంగా కొట్టేశాడు. సిస్టం అట్లా ఖాయమైంది. అయితే మంచితనం ఒక పట్టాన వదిలే రోగమా? నోటికి తేలిగ్గా వచ్చే అక్షరంతో అస్త్రం పేరు పెట్టుకో అన్నా అని మహాలక్ష్మే సలహా ఇచ్చింది. వీరభద్రయ్య తన పలక మీద 'కార్చిచ్చు కత్తివేటు' అని రాసుకున్నాడు. ఆయన జన్మలో ఆయన్ని బాగా ఏడిపించిన అక్షరం అదే, ఆ క.

ఆట మొదలైంది. గాలికోట వాకిట్లో కావలి రాక్షసుడు ఎదురుపడ్డాడు. యోబు వీరుడు దెబ్బ తిని పడ్డాడు, మహాలక్ష్మి వీరవనిత బలం అయిపోవచ్చింది. వంతు వీరభద్రయ్యది. ఆయన లేచి నిలబడ్డాడు. దవడ బిగిసింది. ఆ మొదటి అక్షరం దగ్గరే ఆగాడు. ముగ్గురూ ఆయన ముఖం వంకే చూస్తూ కూర్చున్నారు. ఈసారి చూపులు తిప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడు మెట్లెక్కి వచ్చాడు ఉమామహేశ్వర్లు. పొదిలి నుంచి పైపుల లారీ వచ్చిందట, ఫోను తీయడం లేదని తమ్ముణ్ణి పిలుచుకుపోవడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, తమ్ముడి అవస్థ చూశాడు. ఆ అక్షరం విన్నాడు. ఇక అలవాటు ఊరుకుంటుందా?

"కేబులా?" అన్నాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపితే యోబు వైపు తిరిగాడు. "ఏంది వాడు చెప్పేది? కేబులు కావాలంటాడా?"

యోబు నోటిదాకా వచ్చిన జవాబును మింగేశాడు. మింగి, ఆయన్నే అడుగు అన్నా అన్నాడు. యోబు మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

వీరభద్రయ్య అన్న వైపు అరచెయ్యి చూపించి ఆపాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నను ఆపడం అదే మొదలు. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాడు. కింద రోడ్డు మీద కంభం బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఉమామహేశ్వర్లు రెండుసార్లు నోరు తెరిచి, ఆ ముగ్గురి ముఖాలూ చూసి మూసుకున్నాడు. చివరికి 'కార్చిచ్చు కత్తివేటు' బయటికి వచ్చింది, మొత్తం వచ్చింది, గది దద్దరిల్లేటట్టు వచ్చింది. పాచికలు వేస్తే చిన్న అంకెలు పడ్డాయి. రాక్షసుడు తప్పించుకున్నాడు. ఎవరూ అయ్యో అనలేదు. కరుణాకరం పలక మీద ఏదో రాసుకుని, తర్వాత మహాలక్ష్మి వంతు అన్నాడు.

అయిపోయిందిగా, పద, లారీవాడు తొందరపడుతున్నాడు అన్నాడు ఉమామహేశ్వర్లు. వీరభద్రయ్య కదలలేదు. ఇంకో కుర్చీ లాగి అన్న ముందు పెట్టాడు. ఆయనకు ఏమనిపించిందో, ఆ ఊపులో ఇంకొకటి కూడా చెప్పేయాలనిపించింది. అన్న కూర్చునేదాకా ఆగి, మెల్లగా మొదలుపెట్టాడు.

"గిద్దలూరు సంబంధం చూడబోయినాం గదన్నా. పిల్ల నచ్చిందా నాయనా అని వాళ్ళ నాయన నన్నే అడిగినాడు, నిన్ను కాదు. ఇంటికి పోయి మాట్లాడుకొని చెప్తాం అన్నావు నువ్వు."

ఉమామహేశ్వర్లుకు గుర్తుంది. ఎందుకుండదు? బేరం చూసి వెంటనే సరే అనకపోవడం ఆయనకు దుకాణం నేర్పిన విద్య. పిల్ల తండ్రి మాత్రం ఆ మాటను వద్దనడం కింద లెక్కేసుకుని, ఆ నెలలోనే వేరే సంబంధం ఖాయం చేశాడు. ఇప్పుడా అమ్మాయికి ఇద్దరు పిల్లలు.

"నాకు నచ్చింది" అన్నాడు వీరభద్రయ్య.

గదిలో మిగతా ముగ్గురూ తలలు దించుకున్నారు. ఉమామహేశ్వర్లు తమ్ముడి ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. కుర్చీ ముందుకు జరుపుకుని అడిగాడు.

"అప్పుడే చెప్పొచ్చు గదరా."

"చెప్తానే ఉంటి అన్నా. నువ్వు ఆగలేదు."