కృపమణి చెవికి పట్టిన చిటపట

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సర్కారు కచేరీలు సగం గుడారాల్లోనే నడిచేవి. గాలి వీస్తే కాగితాలు ఎగిరేవి, ఎండ కాస్తే గుమాస్తాలు మాడేవారు. అలాంటి ఒక గుడారంలో టెలిఫోను బోర్డు ముందు కృపమణి కూర్చునేది. ఆమెది కడప దగ్గర కమలాపురం. తండ్రి దావీదురాజు మిషన్ బడిలో పంతులు. వాళ్ల పేటలో నెల జీతం తెచ్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. గొంతు స్పష్టం, చేతిరాత ముత్యాలు, పట్టుదల మాత్రం ఆ రెంటినీ మించింది.

వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక చీటీ రాయాలి. సిరా అద్దే బ్లాటింగు కాగితం కావాలని ఎండాకాలంలో అడిగితే వానాకాలంలో వచ్చే కచేరీ అది. కృపమణి ఆ కాగితం కోసం కాచుకుని కూర్చోలేదు. తండ్రి ఇచ్చిన రేకు డబ్బీ ఆమె దగ్గర ఉంది. పాపాఘ్ని ఏరు పారి తగ్గాక ఒడ్డున నల్లటి చారలుగా మిగిలే సన్నటి ఇసుకను ఆయన ఏరి తెచ్చి, కడిగి ఆరబెట్టేవాడు. సిరా మీద చిటికెడు చల్లి, కాగితం వంచి మళ్లీ డబ్బీలోకి దులిపితే అక్షరం చెదరదు. ఆ ఇంట్లో అందరూ రాత నేర్చుకున్నది ఆ ఇసుకతోనే.

మే నెలలో ఇంగ్లండు నుంచి కొత్త హెడ్‌ఫోను వచ్చింది. తలమీద స్ప్రింగు పట్టీ, రెండు చెవులకూ రెండు నల్లటి డిప్పలు. పైఅధికారి వెంకటేశ్వర్లు దాన్ని కొత్తపెళ్లికూతుర్ని చూపినట్టు అందరికీ చూపి, "శానా ఖరీదమ్మా. ఇట్లాంటిది మద్రాసులో గూడా లేదంట," అని ఆమెకు అప్పగించాడు. మద్రాసులో ఏముందో ఆయనకేం తెలుసు, అది వేరే సంగతి.

పది రోజులు బాగానే పలికింది. తర్వాత కుడిచెవిలో చిటపట మొదలైంది. అవతలివాళ్లు కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, పోపులో ఆవాలు పేలినట్టే. నంబరు రెండోసారి అడగాల్సి వచ్చేది. పెద్ద ఉద్యోగస్థులకు ఏదైనా రెండోసారి చెప్పడం నామోషీ. ఫిర్యాదుల మీద ఫిర్యాదులు వచ్చాయి.

వెంకటేశ్వర్లు వచ్చి హెడ్‌ఫోనును రెండు వేళ్లతో ఎత్తి, చెవికి జానెడు దూరంలో పట్టుకుని విన్నాడు. "బాగానే పలుకుతాంది గదమ్మా," అన్నాడు. తలకు మాత్రం పెట్టుకోలేదు. ఆమె తలకు తగిలిన పట్టీ తన తలకు తగలడం ఆయనకు ఇష్టం లేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ గుడారంలో అందరికీ తెలుసు, కృపమణికి అందరికన్నా బాగా తెలుసు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది నీ కథ. సరుకు మంచిదే. నీ చెవే సరిగా లేదేమో. సోమవారం పైకి రాస్తా," అని వెళ్లిపోయాడు.

ఆమెది తాత్కాలిక ఉద్యోగం. చెవి బాగాలేదని ఒక్క ముక్క రాస్తే చాలు, కమలాపురం బస్సెక్కడమే. ఇంకెక్కడా ఏ బోర్డు ముందూ ఎవరూ కూర్చోనివ్వరు. కృపమణికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. తను వింటున్నది వినని మనిషి తన చెవికి తీర్పు చెప్పడమా అనుకుంది.

ముందు తీగను ఆ కొస నుంచి ఈ కొస దాకా కదిలించి చూసింది. చిటపటలో మార్పు లేదు. బోర్డులో గుచ్చే కొసను పొడిగుడ్డతో తుడిచింది. అయినా అంతే. చివరికి హెడ్‌ఫోనును తిప్పి, కుడి డిప్పను ఎడమచెవికి పెట్టుకుంది. చిటపట ఎడమచెవికి వచ్చేసింది. చెవిలో రోగముంటే డిప్పతో పాటు ఎందుకు నడుస్తుంది? తల వంచితే చప్పుడు కూడా మారుతోంది. అంటే లోపల ఏదో కదులుతోంది.

సర్కారు సామాను విప్పకూడదన్నది రూలు. ఎలాగూ సోమవారం పోయే ఉద్యోగమే కదా అని, శనివారం మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె కుడి డిప్ప మూతను మెలితిప్పి తీసింది. లోపల పలుచటి ఇనుపరేకు. దాన్ని పక్కకు జరిపితే కింద అయస్కాంతం. దాని మీద నల్లటి ఇసుక ముళ్లపంది వీపులా నిక్కి ఉంది.

డబ్బీ దగ్గరికి తెచ్చింది. అందులోని రేణువులు ఎగిరి వచ్చి అయస్కాంతానికి అతుక్కున్నాయి. రోజూ హెడ్‌ఫోను తీసి పెట్టేది ఆ డబ్బీ పక్కనే, కుడి డిప్ప డబ్బీ వైపుకు. ఇసుక దులిపినప్పుడల్లా కొన్ని రేణువులు మూత చిల్లుల్లోంచి లోపలికి దూరాయన్నమాట. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కృపమణికి సిగ్గేసింది. నాన్న ఇసుక కదా అని మనసు కూడా చివుక్కుమంది.

ఆ పక్కనే తీగలు సరిచేస్తున్న లైన్‌మన్ ఖాసిం వలి తొంగిచూశాడు. ఆమె తన అన్నంగిన్నెలోంచి గట్టి సంగటి ముద్ద తీసి, అయస్కాంతం మీద అద్ది అద్ది ఇసుకంతా లాగేసింది. మూత బిగించి వింది. చిటపట లేదు.

"అయిపాయ గదమ్మా. డబ్బీ దాచిపెట్టు. సరుకే చెడిందని చెప్పు, కంపెనీవాడేమన్నా ఈడికొచ్చి అడుగుతాడా?" అన్నాడు ఖాసిం వలి.

"నా మీద లేనిది రాస్తాంటే ఊరుకోలేకపోతి. ఇంకోడి మీద లేనిది నేనెట్ల చెప్తాను?" అంది కృపమణి. అందరూ తిని పనిలో కూర్చున్నాక, హెడ్‌ఫోనూ డబ్బీ రెండూ పట్టుకుని వెంకటేశ్వర్లు బల్ల దగ్గరికి నడిచింది.

"సార్, ఒకసారి దీన్ని బోర్డు కాడ పెట్టుకుని వినండి."

ఆయన వచ్చి రెండు వేళ్లు చాచాడు.

"అట్ల కాదు సార్. తలకు."

చుట్టూ టైపు చప్పుళ్లు ఆగిపోయాయి. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"మీరు వినకుండా నా చెవి గురించి ఎట్ల రాస్తారు?" అంది ఆమె.

ఆయన అందరివంకా చూశాడు. కాదంటే ఎందుకో చెప్పాలి, చెబితే పరువు పోతుంది. పెట్టుకున్నాడు. ఖాసిం వలి అవతలి ఫోను దగ్గరికి వెళ్లి గట్టిగా పలికాడు. మాట అద్దంలా తేటగా వినిపించింది. అప్పుడు కృపమణి హెడ్‌ఫోను తీసుకుని, కుడి డిప్ప విప్పి, డబ్బీలోంచి చిటికెడు ఇసుక వేసి, బిగించి ఇచ్చింది. ఆయన ఈసారి తానే తలకు తగిలించుకున్నాడు. ఖాసిం వలి మళ్లీ పలికాడు. వెంకటేశ్వర్లు కళ్లు చికిలించాడు.

"పదైదు దినాలుగా నేను వింటాండేది ఇదే సార్."

"ఈ ఇసుక యాడిది?"

"నాదే. సిరా ఆరను చల్లుతాండా. అయస్కాంతం లాక్కుంటాదని తెలీలేదు. మద్దెల ఓడైన మాట నిజమే, ఓడు చేసింది గూడా నేనే. అదే రాయండి. చెవి అని మాత్రం రాయొద్దు."

వెంకటేశ్వర్లు సోమవారం పైకి పంపాలని రాసి పెట్టుకున్న కాగితం జేబులోంచి తీసి రెండుగా చింపాడు. బోర్డు పక్కన కూర్చుని, ఆ చింపిన ముక్క వెనకనే కొత్తగా రాయడం మొదలుపెట్టాడు: బోర్డుకు బ్లాటింగు కాగితం వెంటనే కావలెను.

రాస్తున్నంతసేపూ హెడ్‌ఫోను ఆయన తలమీదే ఉంది. తీయడం మరిచిపోయాడు. కృపమణి గుర్తు చేయలేదు.