వంగ సాళ్ళ మధ్య గోంగూర

ఖాళీ మట్టి కనబడితే నా చెయ్యి ఊరుకోదు. మా అమ్మ దగ్గర అంటుకున్న జబ్బు అది. గోదావరి జిల్లాలో మా పెరట్లో గింజలు గుప్పెటతో చల్లేయడమే తప్ప, కొలిచి నాటడం నేనెరగను. నర్సు ఉద్యోగానికి ఆస్ట్రేలియాలోని బ్లాక్‌టౌన్ వచ్చాక కూడా అదే వరస.

తొంభైల మొదట్లో మా పక్కింట్లోకి ఫిజీ నుంచి ఒక తెలుగు కుటుంబం దిగింది. అక్కడి సైనిక తిరుగుబాటు గొడవల తరువాత, కౌలుకి చేసుకుంటున్న చెరకుతోట వదిలేసి కొడుకు దగ్గరికి వచ్చేసిన పెద్దవాళ్ళు. అంకుల్ రెండో రోజే కంచె మీంచి పలకరించారు. ఆయనది తాతల కాలంనాటి తెలుగు, మధ్యమధ్య హిందీ. ఆంటీ మాత్రం గడప దాటలేదు. మోకాళ్ళు పాడై చక్రాల ఫ్రేము పట్టుకుని నడిచేవారు. నాలుగు నెలలుగా కిటికీ దగ్గరే కూర్చుంటోందని, మాటలు కూడా తగ్గిపోయాయని అంకుల్ బెంగపెట్టుకున్నారు.

"అది వంగతోట మనిషమ్మా, అక్కడ చెరకు పక్కన వంగ పెంచింది. కాయ దిగితే తెంపడానికన్నా బయటికొస్తది," అని మా పెరట్లో కాస్త జాగా అడిగారు. వాళ్ళ అద్దె ఇంట్లో గడ్డి తవ్వడానికి యజమాని ఒప్పుకోలేదట. మహారాజులా తవ్వుకోండి అన్నాను.

చలి పోయాక నారు నాటారు. మొక్కకీ మొక్కకీ మూరన్నర. సాలుకీ సాలుకీ మధ్య ఒక చీపురుకర్ర ముక్క అడ్డంగా పెట్టి, దానికి అటు మూరెడు, ఇటు మూరెడు కలిపి గీత గీశారు. పెరడంతా కలిపి మూడే సాళ్ళు! నాకు ఒళ్ళు మండింది. ఇంత ఎడమెందుకు అంకుల్, మధ్యలో ట్రెయిన్ నడుపుతారా అని ఎగతాళి చేశాను. ఆకులు పరుచుకుంటాయమ్మా అన్నారు. ఆ కర్ర సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ వారమే, ఆయన లేనప్పుడు, ఖాళీలన్నిటా గోంగూర చల్లేశాను. మొలకలు చూసి ఆయన రెండింటికీ నీళ్ళు పోశారు. నా తెలివి చూశారా అని మావారి దగ్గర గొప్పలు కూడా పోయాను.

జనవరికి, అంటే ఇక్కడి నడివేసవికి, వంకాయలు దిగాయి. గోంగూర నడుమెత్తు పెరిగింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆంటీ మా పెరట్లో ఉన్నారు. అన్ని నెలల్లో అదే మొదటిసారి. సంతోషంతో గేటు దగ్గరే ఆగిపోయాను. ఆవిడ ఫ్రేముని సాళ్ళ మధ్యకి తోశారు. చక్రాలు గోంగూర కాడల్లో చిక్కుకున్నాయి. వెనక్కి లాక్కుని పక్క సందులోకి వెళ్ళారు. అక్కడా అంతే. అంకుల్ నాలుగు కాయలు కోసి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి, ఇంటికి మళ్ళిపోయారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ కర్రముక్క ఫ్రేము వెడల్పుకి కోసినది. సిగ్గుతో చచ్చిపోయాను. పైగా, ముందే చెప్పొచ్చు కదా అని ఆయన మీదే విసుక్కున్నాను. నా నోరు అలాంటిది.

"నీ జాగా కదమ్మా," అన్నారు. "నేనెట్లా పీకమంటా?"

ఆ మాటకి ఏడుపొచ్చింది. చర్చికి కట్టుకున్న చీర మార్చుకోకుండానే వంగి, గోంగూరంతా వేళ్ళతో సహా లాగేశాను. అంకుల్ వద్దంటూనే రెండో వైపు నుంచి లాగారు. చక్రాలు దిగబడకుండా మట్టిని తొక్కి గట్టిచేశాం. ఆంటీని పిలవడానికి మాత్రం నాకు మొహం చెల్లలేదు. ఆవిడ ఇక రారేమోనని ఒకటే భయం.

మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే పెరట్లో చక్రాల కిరకిర వినిపించింది. ఆంటీ సాళ్ళ మధ్య ఉన్నారు. అటూ ఇటూ ఆకులు ఫ్రేముని రాసుకుంటున్నాయి. ఒక్కో కాయనీ తొడిమతో తుంచి నడుముకి దోపిన కొంగులో వేసుకుంటూ చివరిదాకా నడిచారు. అక్కడ అంకుల్ నీళ్ళు పెడుతున్నారు. ఆవిడ ఆయన చేతిలోంచి పైపు తీసుకున్నారు.

"నువ్వు పోస్తే నీళ్ళు మొక్క మొదట్లో పడతల్లే," అన్నారు. "రేపట్నించి నేనొచ్చి పోస్తా."