ఎర్రగుంటే మంచి సరుకు

పొద్దున్నే ఫోన్ మోగింది. మా ఆఫీసు కింద జిరాక్స్ షాపు నడిపే ఆయన. "అక్కా, మేడమ్ ఇగ లేదు. దవాఖానాకు తీస్కపోతుంటె తొవ్వలనే పానం పోయింది" అన్నాడు. కారేపల్లి నుంచి దొరికిన బస్సు పట్టుకుని పాల్వంచ చేరేసరికి ప్రార్థన సగమైంది. సమాధి దగ్గర, హైదరాబాద్ నుంచి పూలదండతో వచ్చిన కంపెనీ సారు నా పక్కన నిలబడి, "మంచి పనిమంతురాలు. కానీ మొండి మనిషమ్మా" అన్నాడు. జాలిగానే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఈ నాలుగు ముక్కలూ ఆ మాట కోసమే రాస్తున్నాను.

మేడమ్ అంటే, ఖమ్మం బస్టాండు దగ్గర ఆ జిరాక్స్ షాపు పైన కిరాయి గదిలో మాకు కంప్యూటరు నేర్పిన మేడమ్. సందుకో ఇంటర్నెట్ సెంటరు వెలుస్తున్న రోజులవి. నేర్చుకున్న మాలో కొందరిని తన దగ్గరే పనికి పెట్టుకున్నారు. మేడమ్‌కు పనులిచ్చే ఆ హైదరాబాద్ కంపెనీ సారు దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏ వివరాలు కావాలో చెబితే చాలు, వెబ్ అప్లికేషన్ మొత్తం అదే రాసి పెట్టేది. బడికైనా బట్టల కొట్టుకైనా ఒకటే మొహం: బూడిదరంగు పట్టీ, నీలం బటన్లు, ఇరుకు అక్షరాలు. ఒకే తాను చింపి ఇంటిల్లిపాదికీ చొక్కాలు కుట్టించినట్టు ఉండేది. ఆ మొహాన్ని దిద్దడం మేడమ్ పని. దాన్ని థీమ్ అనేవాళ్లం. రంగులు, అక్షరాల సైజు, వరసల మధ్య జాగా ఒక్కసారి కుదిర్చి పెడితే, ఆ తర్వాత యంత్రం పుట్టించే ప్రతి పేజీ ఆ రూపంతోనే వస్తుంది.

"యంత్రం కోడ్ రాస్తది పిల్లా. మొహం మాత్రం మనమే ఇయ్యాలె" అనేవారు.

ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్క నములుతూ మా కుర్చీల వెనక తిరిగేవారు. ఉన్నట్టుండి తలుపు దాకా వెనక్కి నడిచి, కళ్లద్దాలు తీసేసి, కళ్లు చికిలించి స్క్రీను వైపు చూసేవారు. "అద్దాలు తీస్తె ఏది కనబడ్తదో అదే అసలు సంగతి. మిగిలిందంత సోకు." నేను పొద్దంతా కూర్చుని చెక్కిన బటన్లు ఆ చూపుకు ఆనేవే కావు. మూతి ముడుచుకుంటే జామకాయ ముక్క ఒకటి చేతిలో పెట్టేవారు.

మిర్చి కోల్డ్ స్టోరేజీ పని వచ్చిన ఏడు అసలు పరీక్ష ఎదురైంది. అడివి పల్లెల నుంచి ట్రాక్టర్లలో వచ్చిన బస్తాలు గేటు దగ్గర దిగుతాయి. ఏ బస్తాలో చెమ్మ ఎంతుందో అక్కడి అమ్మాయి కంప్యూటర్లో ఎక్కిస్తుంది. చెమ్మ ఎక్కువుంటే స్క్రీను మీద ఆ బస్తా వరస ఎర్రబడుతుంది. ఆ బస్తా ఆగాలి, మళ్లీ ఎండకు పోవాలి. ఆగకుండా లోపలికి పోయిందా, బూజు పట్టి పక్క బస్తాలనూ పాడు చేస్తుంది. ఎవరో ఒక ఇంటి ఏడాది కష్టం కరాబవుతుంది. అలాంటిది, మొదటి వారమే చెమ్మ బస్తాలు దర్జాగా లోపలికి నడిచాయి. తెల్ల వరసలు కనబడ్డప్పుడు మాత్రం ఆ అమ్మాయి మేనేజర్ని కేకేస్తోంది. ఏందని మేడమ్ వెళ్లి అడిగారు.

"ఎర్రగుంది గదా మేడమ్, మంచి సరుకే అనుకున్న" అంది ఆ అమ్మాయి బిక్కమొహం వేసి. "తెల్లగుంటె తాలు గదా?"

మిర్చి పండే చోట పుట్టిన ఎవరైనా అంతే. ఎర్రటి కాయ మేలురకం. రంగు పోయి తెల్లబారింది తాలు, ఏరి పక్కన పోస్తారు. చిన్నప్పటి నుంచి అమ్మ పక్కన కూర్చుని తాలు ఏరిన కళ్లకు వారం రోజుల ట్రైనింగు ఏం చెబుతుంది? మేడమ్ ఆ పిల్లను ఒక్క మాట అనలేదు. "తప్పు నాది. ఆ రంగు సంగతి నేను చూడలే" అన్నారు.

ఆ మధ్యాహ్నమే గుప్పెడు ఎర్ర కాయలు, గుప్పెడు తాలు కాయలు తెచ్చి మానిటర్ పక్కన పేపరు పరిచి పోశారు. వాటిని చూస్తూ రంగులు కలిపారు. ఫ్యాన్ వేయనివ్వలేదు. అందరం తుమ్ములే తుమ్ములు. చివరికి మంచి బస్తాకు కాయ ఎరుపు కుదిరింది. ఆపాల్సిన బస్తాకు తాలు రంగు, చుట్టూ మందపాటి నల్ల గీత, పక్కన పెద్దక్షరాలతో 'ఆపు' అని. ఆ థీమ్‌నే గేటు దగ్గరి కంప్యూటర్లో ఎక్కించారు.

సంగతి తెలిసి కంపెనీ సారు కారేసుకుని వచ్చాడు. "లోకమంతా ఎరుపంటే డేంజర్. థీమ్‌లో ఆ రంగు ముట్టుకోవద్దు. అమ్మాయిలకు ఇంకోసారి ట్రైనింగ్ ఇవ్వండి మేడమ్" అన్నాడు.

"మా నాయిన పవర్‌హౌస్‌ల పనిచేసిండు సార్. అక్కడ ఎర్రలైటు వెలిగితె ఉరుకుడే. అక్కడికి అది రైటు. ఇది మిర్చి జాగ" అన్నారు మేడమ్. "కండ్లు మార్చుడు నాతోని కాదు. రంగు మార్చుడైతది. మార్చిన."

"పాతది పెట్టకపోతే ఇక ఈ పని మీకుండదు."

"తీస్కపోండ్రి."

ఆ పని పోతే గది కిరాయికి కూడా కష్టమే. నిజంగానే పోయింది. మేడమ్ మళ్లీ పిల్లలకు టైపింగు నేర్పుతూ, ఆదివారం చర్చి నుంచి వచ్చి కూడా క్లాసులు చెప్పారు. మేం జాలి మొహాలు పెడితే గయ్యిమనేవారు. "ఏంది గట్ల చూస్తరు? నేనేమన్న దొంగతనం చేసిన్నా?"

కానీ కంపెనీవాళ్లు పాత రంగులు ఎక్కించడానికి పోతే గేటు దగ్గరి ఆ అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. "చెమ్మ బస్తా లోపలికి పోతె రైతుకు మీరు జవాబు చెప్తరా? మా స్క్రీను గిట్లనే ఉండనియ్యిండ్రి" అంది. మేనేజరు కూడా ఆమె వైపే నిలబడ్డాడు. వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు. ఈ కబురు చెప్పినప్పుడు మేడమ్ అద్దాలు తుడుచుకుంటూ, "పిల్ల గట్టిదే" అన్నారు. ఆ పూట జామకాయలు అందరికీ తలా ఒకటి తెప్పించారు. గట్టిదనం ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో, నాకెక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆ రుణం తీరేది కాదు.

అందుకే సమాధి దగ్గర నేను ఊరుకోలేదు. "అవ్ సార్, మొండిదే. ఆమె పెట్టిన రంగు ఇంకా ఆ గేటుకాడనే ఉంది. పోయి చూస్కోండ్రి" అన్నాను. ఆయన దండ పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఇంటికి పోకుండా ఖమ్మం బస్సెక్కి నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోయాను.

మిర్చి సీజను. గేటు దగ్గర ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది. మేడమ్ ఎవరో ఆమెకు తెలియదు. నేను తలుపు దాకా వెనక్కి నడిచాను. నాకూ ఈ మధ్య అద్దాలొచ్చాయి. తీసి, కళ్లు చికిలించి ఆమె స్క్రీను వైపు చూశాను. అక్షరాలన్నీ చెరిగిపోయి ఎరుపొక్కటే మిగిలింది. ఆ ఎరుపు మధ్యలో కొత్తగా ఒక తాలు రంగు పట్టీ వచ్చి పడింది. అమ్మాయి చెయ్యి పైకి లేచింది. బస్తా మోస్తున్న హమాలీ ఒక కాలు గేటు లోపల, ఒక కాలు బయట పెట్టి అక్కడే ఆగిపోయాడు.