సముద్రం పక్క, సరస్సు పక్క

గేజీలన్న పోయాడు. పోయిన నెలలో ఒక పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "నాయన లేడక్కా" అని రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. వచ్చే ఆదివారం వెళ్లి ఆయనకొక మాట చెప్పాలని పదకొండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. నాకింకా ఆదివారాలు ఉన్నాయి, ఆయనకు లేవు.

మీరంతా రాకెట్ ఎగరడం చూసే ఉంటారు, మిద్దెలెక్కి, పిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని. ఎగరేసే ముందు దాన్ని విరగ్గొట్టి చూసే చోటొకటి మా దీవిలో ఉండేదని మాత్రం చాలామందికి తెలియదు. పెద్ద రాకెట్ల డొక్కలన్నీ ఒకప్పుడు ఆ పాత షెడ్డులోనే పరీక్షకు నిలబడ్డాయి. బోలు ఉక్కు గొట్టాన్ని నేలకు బిగించి జాకీలతో నొక్కుతారు. ఎక్కడ ఎంత సాగిందో చెప్పడానికి గొట్టం ఒంటినిండా గోరంత గేజీలు అంటిస్తారు. అవి అంటించే మనిషి కాబట్టి ఆయన గేజీలన్న. సరస్సులో వలలు వేసుకునే ఇంటి నుంచి వచ్చినవాడు. ఇంజినీరునని కాస్త టెక్కుగా చేరిన నేనూ రెండో రోజుకే అన్నా అన్నాను. ఆయన నన్ను అమ్మణ్ణీ అన్నాడు.

జిగురుకు జిడ్డు పడదు. అందుకని గేజీలు అంటించే రోజు క్యాంటీన్లో వడలు వేడివేడిగా దిగుతున్నా చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేవాడు. నేను ఎదురుగా రెండు లాగించి ఊరించేదాన్ని. "తిను తిను, నీ చేతికి అంటేది కాయితమే గదా" అనేవాడు. దూదితో ఉక్కును తుడుస్తూ, దూది తెల్లగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. పరీక్షలో ఏదైనా ఫట్‌మంటే మేమంతా మొహాలు వేలాడేసేవాళ్లం. ఆయన మాత్రం, "విరిగేది ఈడే విరగనీ. పైన పట్టుకునేవాడెవుడున్నాడు?" అని టీకి పోయేవాడు.

ఆ షెడ్డులో పాతవాళ్లకు తూర్పు పడమరలు లేవు. డ్రాయింగుల్లో డిగ్రీలుండేవి, నోళ్లలో మాత్రం సముద్రం పక్క, సరస్సు పక్క. నాకా మాటలు భలే నచ్చి, ఏ గేజీ ఎక్కడుందో చెప్పే పట్టీ కూడా అలాగే రాశాను. సముద్రం పక్క ఒకటి, సముద్రం పక్క రెండు. నా తెలివి అంత!

పరీక్షకు రెండు రోజుల ముందు ఏదో మరమ్మతుకని గొట్టాన్ని క్రేనుతో లేపారు, దించేటప్పుడు సగం తిప్పి నిలబెట్టారు. సముద్రం ఉన్నచోటే ఉంది, గొట్టం తిరిగింది. "పట్టీ మార్చి రాయమ్మణ్ణీ" అని గేజీలన్న రెండుసార్లు చెప్పాడు. సరేనని మరిచిపోయాను. పరీక్ష మొదలయ్యాక చూస్తే, పట్టీ ప్రకారం నొక్కుతున్న పక్క చలనం లేదు, నొక్కని పక్క సాగిపోతోంది. అందరూ హడలిపోయి పని ఆపేశారు. పట్టీ ఎవరిదని పెద్దసారు అడిగాడు.

నేను ప్రొబేషన్‌లో ఉన్నాను.

"తప్పు నాదే సార్. గొట్టం తిప్పినాక నేను చెప్పలా. ఆ పాపకేం తెలుసు" అన్నాడు గేజీలన్న.

రెండుసార్లు చెప్పినవాడు చెప్పలేదన్నాడు. చెప్పాల్సిన నేను నేల చూశాను. అంత సర్వీసులో మచ్చలేని మనిషికి మెమో ఇచ్చారు.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. కొత్తది, ఇంకా పెద్దది కట్టాక పాత షెడ్డుకు తాళం పడింది. కొత్తచోట అందరూ డిగ్రీలే చెబుతారు. ఎవరైనా ఒక్కసారి సముద్రం పక్క అంటే బాగుండునని మనసు లాగుతుంది. సూళ్లూరుపేట బజారులో ఆయన ఎదురైనప్పుడల్లా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం, రొయ్యల ధర గురించి మాట్లాడుకున్నాం. అన్నా, తప్పు నాది. ఈ మూడు ముక్కలు మాత్రం గొంతు దాటలేదు.

ఆయన పోయిన పదో రోజున వాళ్లింటికి వెళ్లి, వంటింటి గడపలో కూర్చుని వదినతో మొత్తం చెప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"తెలుసులేమ్మా. ఆ పొద్దు ఇంటికొచ్చి జరిగింది చెప్పినాడు గానీ, మెమోకి బాధే పడలా. ఆ బిడ్డ సిగ్గుపడి పని మానేసి పోతదేమోనే అని కూడు గూడా సరిగ్గా తినలా. తెల్లారీ తెల్లారకనే సైకిలెత్తుకోని నీ కోసరమే పోయినాడు."

మెమో ఇచ్చిన మర్నాడు నేను నిజంగానే గుడ్డలన్నీ సంచిలో కుక్కుకుని, గూడూరు బస్సెక్కి మా ఇంటికి పారిపోదామని స్టాపుకు వచ్చాను. ఆయన ఉండే ఊరు అక్కడికి చాలా దూరం, ఆయన ఎక్కే బస్సు వేరు. అయినా సైకిలు పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు. "ఇటు పనుండి వచ్చినా" అన్నాడు. పిచ్చిదాన్ని, ఇన్నేళ్లూ అది నమ్మాను. సంచి చూశాడు. మా పనిబస్సే ముందు వచ్చింది. నా చేతిలోని సంచి తీసుకుని హాండిలుకు తగిలించుకున్నాడు. "సాయంత్రం తీసుకుందువులే, ఎక్కమ్మణ్ణీ" అన్నాడు.

బస్సు కదిలాక వెనక్కి చూశాను. నా సంచి ఎక్కడ జారిపోతుందోనని దాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.