తల్లి పోసిన ఇంట కోడి వాసన

కోడిని నిప్పుల మీద కాల్చడం మా నాయన దగ్గర నేర్చుకున్నాను. మా పుట్టిల్లు మాండవి వైపు, అడవి పక్కన. అక్కడ కోడికూర పండుగకు వండుతారు. కాల్చిన కోడికి మాత్రం పండుగ అక్కర్లేదు, ఆకలి చాలు. ఈకలు పీకి, జొన్నచొప్ప మంటలో నూగు కమిలించి, పసుపు రాసి కడిగి, తొడల మీదా రొమ్ము మీదా కత్తితో గాట్లు పెట్టాలి. నూరిన ఎర్రకారం, ఉప్పు, వెల్లుల్లి ఆ గాట్లలోకి దిగేలా పట్టించాలి. పచ్చికట్టెకు గుచ్చి, మంట చచ్చిన తుమ్మ బొగ్గుల మీద తిప్పుతూ కూర్చోవాలి. మంట మీద పెట్టేవాడంత తెలివితక్కువవాడు లేడనేవాడు మా నాయన. పైన మాడుతుంది, లోపల నెత్తురు కారుతుంది.

పెళ్లయి కర్ఖేలికి వచ్చాక నా ఈ విద్య చూసి మా అత్త ముక్కున వేలేసుకుంది. "అడివి పిల్లను తెచ్చుకుంటిమి. ఇగ ఇంట్ల కుండలెందుకు, గురిగులెందుకు?" అని ఎత్తిపొడిచేది. తిట్టేదీ ఆమే, కోడి కాలగానే తొడ ముక్క ముందు అందుకునేదీ ఆమే. వంటింటి పొయ్యి మీద మాత్రం మాంసం పెట్టనిచ్చేది కాదు. కాల్చినా వండినా పెరట్లో మూడు రాళ్ల మీదే. ఆ వాసన గోడ దాటింది, వీధి దాటింది, చివరికి పటేల్ ఇంటి దాకా పోయింది. ఒకసారి పటేల్ దగ్గరికి గిర్దావర్ వచ్చినప్పుడు నా చేత కాల్పించి పెట్టారు. భూములు కొలిచి గట్ల తగాదాలు తేల్చే అధికారి ఆయన. ఆ రుచి ఆయన నాలుకకు అంటుకోవడంతో నా నెత్తిన శని ఎక్కింది.

ఆ మరుసటి ఎండాకాలం నా కొడుక్కి అమ్మవారు పోసింది. నాలుగేళ్లవాడు. అప్పటికి ఒక్కడే.

మశూచి అని వైద్యులు అంటారు. మా ఇళ్లలో ఆ పేరు ఎవరూ పలకరు, తల్లి వచ్చింది అంటాం. తల్లి ఉన్న ఇంట్లో పోపు పెట్టకూడదు, నూనె కాగకూడదు, మాంసం మాట ఎత్తకూడదు. పిల్లవాడికి చప్పిడి పెరుగన్నం, అంబలి. ఉప్పు కూడా తగలకూడదు. గడపకు వేపమండలు, పక్క కింద వేపాకు. కాల్చిన వాసన ఒంటికి పట్టించుకుని ఎవరైనా ఆ గదిలోకి అడుగు పెడితే తల్లికి కోపం వస్తుందని, ఆ కోపం పిల్లవాడి మీదే తీర్చుకుంటుందని మా నమ్మకం. నువ్వూ నమ్మేదానివా అని ఇప్పుడు నా మనవరాళ్లు అడుగుతారు. నమ్మేదాన్ని. నమ్మకపోతే ఆ రోజు నాకంత కష్టం ఎందుకు?

వాడు నన్ను తప్ప ఇంకెవరినీ తనను ముట్టనిచ్చేవాడు కాదు. నోట్లో కూడా పొక్కులు లేచి ముద్ద మింగలేక, అసలు తిండే అడగడం మానేశాడు. అలాంటి రోజున పటేల్ వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"గిర్దావర్ సాహెబ్ అచ్చిండు. నీ పెండ్లాం చేతి కోడే గావాలంటుండు. జెల్ది తోలియ్యి" అన్నాడు మా ఆయనతో.

"ఇంట్ల తల్లి ఉన్నది పటేలా. పోరనికి పోసింది."

"గా ముచ్చట సాహెబ్ చెవుల పడనియ్యకు. మీ ఇంట్ల గాదు గద, చావడి ఎనుక కాలుస్తది. రేపు మీ గట్టు కొలిసేది ఆయనే, యాది పెట్టుకో."

మా పక్క చేనువాడు ఏటేటా మా గట్టును నాగలితో కొద్దికొద్దిగా మింగుతున్నాడు. దాని కోసమే మా ఆయన తహశీల్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి కొలత తెప్పించుకున్నాడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారే, అక్కడ నిలబడ్డాడు పాపం. లోపలికి వచ్చి నా ముఖం చూడకుండా అన్నాడు:

"పొయ్యి రా. అచ్చెటప్పుడు బాయికాడ తానం జేసి రా, ఏం గాదు."

"ఏం గాదని నీకు తల్లి చెప్పిందా?"

"గట్టు పోతె రేపు పోరడు పెద్దగై ఏం దున్నుతడే?"

పిల్లవాడి పక్కన కూర్చున్న మా అత్త తల ఎత్తలేదు. "పోతె పో. గా వాసనతోని మల్ల గడప తొక్కకు" అంది. అటు మొగుడి మాట, ఇటు అత్త మాట. నడుమ నలిగేది కోడలే.

వెళ్లాను. చావడి వెనుక బొగ్గులు చేసుకుని రెండు కోళ్లు గుచ్చాను. గిర్దావర్ మంచం వాల్చుకుని హుక్కా గుడగుడ పీలుస్తూ "కిత్తీ దేర్ హై బాయీ?" అని, ఇంకెంతసేపని మాటిమాటికీ అడుగుతున్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నా ఇంట్లో తల్లి ఉంది అని ఒక్క మాట అంటే ఆ మనిషి గుర్రమెక్కి పారిపోయేవాడు. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది. మా ఆయన ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడి, రెండు చేతులూ జోడించి నా వైపే చూస్తున్నాడు. నోరు మూసుకుని కట్టె తిప్పాను. ఉప్పు చాలా, కారం చాలా అని కూడా అడిగాను. పాడు అలవాటు.

గిర్దావర్ తృప్తిగా తిన్నాడు. చెడ్డవాడని చెప్పలేను. చెయ్యి కడుక్కుంటూ "తుమారే బచ్చే సలామత్ రహే" అని నా పిల్లలు చల్లగా ఉండాలని దీవించాడు. ఆ దీవెన పూర్తి కాకముందే బావి వైపు పరుగెత్తాను.

బావి దగ్గర నెత్తిన నీళ్లు కుమ్మరించుకున్నాను. సున్నిపిండి పెట్టి రుద్దుకున్నాను, వేపాకు నలిచి జుట్టుకు పట్టించాను. తడి చీరతో ఇంటికి వస్తే గడపలో అత్త వేపమండ పట్టుకుని అడ్డం నిలబడి ఉంది. నా తల దగ్గరికి వంగి వాసన చూసింది.

"ఎంటికెలల్ల పొగ వాసన పోలే. ఆడనే ఉండు."

"అత్తా, వాడు ఏడుస్తుండు."

"నాకు చెవులు లెవ్వా? ఏడిస్తె ఏడుస్తడు, బతుకుతడు. నువ్వు లోపటికొస్తె బతుకుతడా?"

ఆమె కళ్లలో నీళ్లు. అందుకే ఆమెను తిట్టలేకపోయాను. గదికి గాలి కోసం గోడలో చిన్న కంత ఉంది. బయట దాని కింద చతికిలబడి "ఈడనే ఉన్న కొడుకా" అన్నాను. లోపల ఏడుపు ఆగింది. కాసేపటికి పీలగా వాడి గొంతు వినిపించింది.

"అమ్మా, కోడి కాల్చినవా?"

అంటే వాసన నిజంగానే పోలేదు.

"నాకు కాలు తెచ్చినవా?"

ఎన్ని రోజులకో వాడు నోరు తెరిచి తినడానికి ఒకటి అడిగాడు. లోపల అత్త చేతిలోని వేపమండ కింద పడిన చప్పుడు. తల్లి పూనిన పిల్లవాడు ఏది అడిగినా తల్లే అడిగినట్టు. నన్ను గడప బయట ఆపిన ఆ ముసలమ్మే ఇప్పుడు మనవడి ముందు చేతులు జోడించి "ఏం గావాలె తల్లీ?" అని అడుగుతోంది.

"కోడి కాలు" అన్నాడు వాడు.

కాల్చిన రెండు కోళ్లలో చావడిలో మిగిలినవి ఎంగిలి ఎముకలే. ఎంగిలి తల్లికి పెట్టరు. అత్త బయటికి వచ్చి, "పెరట్ల పుంజు ఉన్నది గద, కొయ్యమను. ఉప్పు, కారం ముట్టియ్యకు" అంది. మా ఆయన కోశాడు. నేను నిప్పు చేశాను. బొగ్గులు త్వరగా కావు. లోపలినుంచి "అయ్యిందా?" అని వాడు, "అయితుంది తల్లీ" అని అత్త. మంట మీదే పెట్టేద్దామా అన్నంత ఆత్రం నాకు. మా ఆయన గొట్టంతో ఊదుతూనే ఉన్నాడు. పొగకు కారాయో మరెందుకో, ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

మొదటి ముక్క తుంచి గడప దగ్గరికి వచ్చాను. అత్త పక్కకు జరిగింది. "రా లోపటికి" అంది.

వాడి తల ఒళ్లోకి తీసుకున్నాను. మెత్తటి పోగు ఒకటి నోట్లో పెట్టాను. కాస్త నాకి, నాలుకతో బయటికి నెట్టేశాడు.

"ఇది గాదు. గా సాహెబుకు పెట్టింది గావాలె."

చప్పిడి మాంసం మరి. పసివాడు కారమూ ఉప్పూ వాసన పట్టి అడిగితే మేం పథ్యం పెట్టాం. లేచి వంటింట్లోంచి ఉప్పు తెచ్చాను. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అద్దే, ఉప్పు ముట్టియ్యద్దు."

"తల్లే అడుగుతుంది గద అత్తా."

ఆమె చెయ్యి వదిలేసింది. ముఖం గోడ వైపు తిప్పుకుంది. ముక్కకు ఉప్పు అద్ది, కారం పేరుకు చూపించి పెట్టాను. పొక్కులు మండి ముఖం చిట్లించాడు, అయినా చప్పరించాడు. "ఇదే" అన్నాడు. ఇంకో ముక్క అడిగాడు. నా వేళ్లకు అంటిన ఉప్పు కూడా నాకి, నా ఒళ్లోనే నిద్రపోయాడు.

మరునాడు పొద్దున్నే గిర్దావర్ గొలుసులు పట్టించి మా గట్టు కొలిచాడు. పక్క చేనువాడు మింగిన నేల మొత్తం మాకు తిరిగి వచ్చింది. ఆ కబురు చెబుదామని మా ఆయన పరుగున ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు లేడు.

కోడి వాసనకు తల్లి అలిగిందని కొందరన్నారు. కన్నతల్లే ఉప్పు పెట్టి చంపుకుందని కొందరన్నారు. మా అత్త బతికున్నన్నాళ్లూ, తల్లి అడిగింది, తిన్నది, వెళ్లింది అని నా తరఫున వాళ్లందరితో పోట్లాడింది. ఆమెకు దణ్ణం పెడతాను. కానీ నా లెక్క వాళ్లెవరిదీ కాదు. ఆ రోగానికి అప్పట్లో మందు లేదు, వాడు పోయేవాడే అనుకుందాం. అలాంటప్పుడు నా బిడ్డకు మిగిలింది రెండు పూటలు. అందులో ఒక పూటను నా చేత గిర్దావర్‌కు వడ్డింపజేశారు.