మూతపడని డిక్కీ

డిక్కీ ఎందుకు పాడైందో తెలియకముందే, డ్రైవరే పాడుచేశాడని ఆ రోజు పదిమంది ముందు చెప్పాను. అతనంటే నాకు పడేది కాదు. నాందేడ్‌లో నాది బండ్ల కరెంటు పని చేసే దుకాణం. నేను మంచి వైరు తీసేసి పాతది వేస్తానని అతను డ్రైవర్ల అడ్డా మీద చెప్పుకు తిరిగేవాడు. ఒకసారి వేశాను కూడా. అందుకే ఆ మాట మరీ మండేది.

అతను నడిపే బండి పప్పుల వ్యాపారం చేసే సేఠ్‌ది. ముంబైలో ఎవరో వాడి అమ్మేసిన పెద్ద విదేశీ జీపు. మీట నొక్కితే వెనక డిక్కీ తలుపు దానంతటదే లేచేది, మళ్లీ నొక్కితే దిగేది. ఆ రోజుల్లో మా వైపు అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. దసరా వెళ్లాక అది మూతపడటం మానేసింది. కిందికి దిగి, ఆనీ ఆనకముందే కీచుమంటూ పైకి లేచేది.

ఫ్యూజు చూశాను. బ్యాటరీ తీగ ఊడదీసి కాసేపాగి బిగించాను. తలుపును మోసే గ్యాసు కడ్డీలు బాగానే ఉన్నాయి. కప్పు దగ్గర వంగే చోట వైర్లు తెగలేదు. ఇక మోటారే అనుకున్నాను. విప్పి చూడలేదు.

"ఏందిది, కప్పలెక్క నోరు తెరుస్తది?" అన్నాడు సేఠ్.

"చేత్తోని గుంజి కొట్టిండు సేఠ్. మోటర్ పండ్లు అరిగినయ్. ఎద్దుబండి అనుకున్నడు నీ డ్రైవర్."

"నేను చెయ్యి గూడ పెట్టలే," అన్నాడు డ్రైవర్. "మోటర్ ఇప్పకుంటనే పండ్లు ఎట్ల చూసినవ్? నీ నోట్లెయా?"

"నోరు ముయ్. చావి ఇయ్యి," అన్నాడు సేఠ్.

"ఇస్త. మీ పిలగాండ్లు దీనిమీదెక్కి దుంకినప్పుడు గూడ నన్నే తిట్టిన్రు." తాళంచెవి బానెట్ మీదకు విసిరి వెళ్లిపోయాడు. పక్కన చాయ్ తాగుతున్న డ్రైవర్లు నవ్వారు. "ఓ డిక్కీతోడ్, చాయ్ తాగి పో," అన్నాడొకడు. డిక్కీ విరగ్గొట్టినవాడన్న ఆ పేరే అతనికి అంటుకుంది.

మర్నాడు మోటారు విప్పాను. పళ్లు చెక్కుచెదరలేదు. అప్పుడు కింద తాళం కొక్కెం చూశాను. అందులో ఎండి రాయైపోయిన పసుపు, కుంకుమ, బియ్యం. అవి అడ్డుపడి తాళం పట్టకే తలుపు తిరిగి లేచేది. నవమి రోజు మేం పని ఆపి పానాలకూ, దుకాణంలో ఉన్న బండ్లకూ పూజ చేస్తాం. ఆ రోజు ఈ జీపు హారన్ పనికి నా దగ్గరే ఉంది. మిగతా బండ్లకు బానెట్ మీద బొట్టు పెట్టాను. దీని గొప్పంతా డిక్కీలోనే కదా అని, తడి పసుపూ కుంకుమా అక్షతలూ తీసుకెళ్లి సరిగ్గా ఆ కొక్కెంలో పెట్టాను. కిరోసిన్ పోసి పాత బ్రష్షుతో కడిగాను. మీట నొక్కితే తలుపు చప్పుడు లేకుండా పడింది.

బాగైందని మాత్రమే సేఠ్‌కు చెప్పి ఊరుకున్నాను. అడ్డా మీద డ్రైవర్‌ను ఎవరూ పనిలోకి తీసుకోవడం లేదని తెలిశాక గానీ నా కాళ్లు కదల్లేదు. ముందు సేఠ్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"పూజ జేస్తె తప్పేంది?" అన్నాడు సేఠ్. "వాడు నా ముంగట నోరు లేపిండు. వాపస్ తీసుకోను."

అడ్డాకు వెళ్లాను. డ్రైవర్ నా మొహం చూడలేదు. తప్పు నాదేనని మెల్లగా అన్నాను.

"నా చెవుల చెప్తున్నవేంది? ఆ దినం ఎంత గట్టిగ మొత్తుకున్నవో గంతే గట్టిగ చెప్పు."

అందరికీ వినబడేలా మళ్లీ చెప్పాను. "అయితె డిక్కీతోడ్ నువ్వేనన్నట్టు," అన్నాడొకడు. నవ్వారు. అతను నవ్వలేదు.

భోకర్‌లో ఒక పత్తి వ్యాపారికి డ్రైవర్ కావాలని విని, మర్నాడు దుకాణం మూసి అతన్ని బస్సులో తీసుకెళ్లాను. వచ్చాడు గానీ దూరంగా వేరే సీట్లో కూర్చున్నాడు. పాత పని ఎందుకు పోయిందని వ్యాపారి అతన్ని అడిగాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, నేను చేసిందంతా మొదటి నుంచి చెప్పాను.