ఉతికిన చీర

మొన్న ఇంట్లో కొత్త నేత చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఖాదర్ సార్ గుర్తొచ్చారు.

బెజవాడ వన్‌టౌన్‌లో మాది బట్టల కొట్టు. రెండువేల దశకం చివర్లో, ఎంటెక్ ప్రాజెక్టుకు ఆయన దగ్గర చేరిందే బేరం మీద: చీరలు కొట్టు నుంచి నేను తెస్తాను, పని తేలిగ్గా ఉండాలి. సార్ నవ్వి మొదటి సగానికి ఒప్పుకున్నారు. ఆయన ల్యాబులో ఒక కెమెరా ఉండేది. అది రంగులు చూడదు. ఎదుట ఉన్న ప్రతి చోటూ ఎంత దూరంలో ఉందో కొలుస్తుంది. ఊగుతున్న చీరలో ఇప్పుడు ఇక్కడున్న చుక్క మరుక్షణం ఎక్కడికి పోయిందో ఆ దూరాలను బట్టి కనిపెట్టాలి. కుర్చీ అయితే మొత్తంగా కదులుతుంది. చీర ఒక్కో చోట ఒక్కోలా కదులుతుంది. అదీ చిక్కు.

మూడు నెలలకు నా ప్రోగ్రాం ఒక్క చుక్క కూడా వదలకుండా పట్టేసింది. వైవాకు పది రోజులుంది. అది గట్టెక్కితేనే హైదరాబాదులో ఉద్యోగం. సార్ వచ్చి చీర అంచును వేళ్ల మధ్య నలిపి చూశారు. వాళ్ల నాన్నగారు పామర్రులో దర్జీ.

"ఏమయ్యా, ఇది చీరా, అట్టముక్కా? ఎప్పుడైనా ఉతికావా?"

"కొత్త సరుకండీ. ఉతికితే మా నాన్న దాన్ని అమ్మలేడు."

"ఉతుక్కురా, పో."

ఉతికిన చీరతో ప్రోగ్రాం చతికిలపడింది. మెత్తటి కుచ్చిళ్ళు ఒకదానికొకటి ఆనుకోగానే రెండు పొరల్నీ ఒకటే అనుకుని అతికించేసింది. నేను వెంటనే బేరానికి దిగాను.

"వైవాలో గంజి చీరే చూపిద్దాం సార్. ఎగ్జామినర్‌గారికి చీరల సంగతేం తెలుస్తుందండీ?"

"నీకు తెలుసుగా?"

"పోనీ రెండూ చూపిస్తా. ముందు గంజిది."

"ముందు ఉతికింది," అన్నారాయన. బేరంలో అంత గట్టి మనిషి మా కొట్టు మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు.

తర్వాత జేబురుమాలు బల్ల మీద పరిచి, ఎదురెదురు మూలల్లో పెన్నుతో రెండు చుక్కలు పెట్టి, మడిచారు. చుక్కలు తాకాయి.

"కెమెరాకు ఇవి ఇరుగుపొరుగు. బట్టకు కావు. పరిచి ఉన్నప్పుడే ఎవరి పక్కన ఎవరున్నారో రాసిపెట్టుకో. మడత పడ్డాక చూస్తే మోసపోతావ్."

పది రోజులూ అదే పని. కుచ్చిళ్ళు చాలావరకు విడిపోయాయి; కొంగు మాత్రం లొంగలేదు. వైవాలో ఉతికిన చీరే పెట్టి, కొంగు దగ్గర తప్పే చోటును నేనే వేలు పెట్టి చూపించాను. ఎగ్జామినర్ అరగంట దాని మీదే అడిగారు. పాసయ్యాను, బొటాబొటిగా.

"మార్కులు పోయాయి సార్," అని బయట గొణిగాను.

"పోతే పోయాయిలే. ఇంకెవరైనా నీ కొంగు పట్టుకుంటారేమోనన్న భయం లేదుగా," అన్నారు, టీ గ్లాసు అందిస్తూ.

సార్ ఇప్పుడు లేరు. ఆఫీసులో చేసిన పని చూపించాల్సినప్పుడల్లా నేను మొదట అది తప్పే చోటునే తెరుస్తాను. మేనేజర్ మొహం చిట్లిస్తాడు. నాకూ భయమే. అయినా వేలు ముందు అక్కడికే పోతుంది.